దూరం పెట్టాల్సింది జబ్బుని, మనిషిని కాదు

(ఇంట్లో వైరస్ జబ్బులు రాకుండా చేసుకోవాల్సిన రోజువారీ శుభ్రత గురించి, స్టూవర్టుపురంలో రైతులు, కౌలు రైతులు, వ్యవసాయ కూలీల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



రైతు సంఘం సమావేశం అంటే ధాన్యం కొనుగోలు గురించి, మినుముకి మద్దతు ధర గురించి, కౌలు రైతులకి రావాల్సిన సాగుదారు హక్కు కార్డుల గురించి, కాలవ చివరి భూములకి నీళ్ళు అందకపోవటం గురించి మాట్లాడుకోవటం మనకి అలవాటు. ఈసారి చేతులు కడుక్కోవటం గురించి మాట్లాడతారట అని వినగానే కొంతమంది నవ్వారు. "ఇది బళ్ళో పిల్లలకి చెప్పే పాఠం కదా, మాకెందుకు?" అని ఒక పెద్దాయన నన్ను మొహం మీదే అడిగారు. ఆయన అడిగింది న్యాయమైన ప్రశ్నే. ముందు దానికి జవాబు చెప్పి తర్వాత విషయంలోకి వస్తాను.

రెండెకరాలు కౌలుకి చేసుకునే కుటుంబం ఒకటి అనుకోండి. భార్య, భర్త, ఇద్దరు పిల్లలు, ఒక ముసలి తల్లి. సరిగ్గా నాట్ల వేళ భర్తకి జ్వరం, దగ్గు. ఆయన మూడు రోజులు మంచాన పడితే, ఆయన చేసే పనికి కూలి మనిషిని పెట్టాలి. ఆయన్ని చూసుకోవటానికి భార్య ముఠాతో నాటుకి వెళ్ళటం మానుకుంటుంది. అంటే ఒక కూలి ఇచ్చుకోవాలి, ఒక కూలి పోగొట్టుకోవాలి. నాలుగో రోజుకి ఆమెకి జ్వరం. అయిదో రోజుకి పిల్లలకి. ఆరో రోజుకి ముసలామెకి ఆయాసం. అప్పుడు ఆటో మాట్లాడుకొని బాపట్లకో చీరాలకో పరుగు. పరీక్షలు, సెలైన్లు, మందులు. చేతిలో డబ్బు ఉండదు. ఎరువుల కోసం దాచింది తీస్తారు, లేకపోతే అప్పు తెస్తారు.

ఎరువు కట్టకి రసీదు ఉంటుంది. పురుగుమందు డబ్బాకి బిల్లు ఉంటుంది. పంట చేతికొచ్చాక ఎకరానికి ఎంత ఖర్చయిందో మనం లెక్క వేసుకుంటాం. కానీ ఆ జ్వరాలకి పెట్టిన డబ్బు ఏ పద్దులోనూ ఉండదు. అది చప్పుడు లేకుండా వడ్డీలో కలిసిపోతుంది. రైతు అప్పు గురించి మాట్లాడే సంఘం, ఆ అప్పు ఇంట్లోకి ఏ దారిన వస్తుందో కూడా మాట్లాడాలి. ఆ దారుల్లో జబ్బు ఒకటి. అందుకే ఈ పాఠం మనకి అవసరం.

ఇంకొక సంగతి. మనకి వచ్చే జ్వరాలు, దగ్గులు, విరేచనాల్లో చాలా భాగం వైరస్‌ల వల్ల వచ్చేవి. జలుబు, ఫ్లూ, కోవిడ్, పసిపిల్లల రోటా విరేచనాలు, కొన్ని రకాల పచ్చకామెర్లు, డెంగీ, ఇవన్నీ వైరస్‌లే. వైరస్ మీద యాంటీబయాటిక్ పనిచెయ్యదు. అది బ్యాక్టీరియాని చంపే మందు. జలుబుకి, ఫ్లూకి యాంటీబయాటిక్ సూది వేయించుకుంటే డబ్బు పోవటమే కానీ జబ్బు పోదు. అది పోయేది మన ఒంట్లో శక్తి వల్లే. కాబట్టి వైరస్ విషయంలో రాకుండా చూసుకోవటమే అన్నిటికంటే చవకైన వైద్యం.

ఇంట్లోకి అది వచ్చే దారులు చాలా లేవు. చేతుల మీద వస్తుంది. గాలిలో వస్తుంది. నీళ్ళలో, తిండిలో వస్తుంది. దోమ మీద వస్తుంది. ఒక్కొక్కటీ చూద్దాం.

మొదట చేతులు. మనం తెలియకుండానే రోజంతా మొహం మీద చెయ్యి పెట్టుకుంటూ ఉంటాం. ముక్కు తుడుచుకుంటాం, కళ్ళు నులుముకుంటాం. తలుపు గొళ్ళెం మీద, బోరింగు పిడి మీద, సెల్‌ఫోను మీద, రూపాయి నోటు మీద ఎవరో వదిలిన వైరస్ ఆ చేత్తోనే లోపలికి వెళ్తుంది. సబ్బు దీన్ని ఎలా ఆపుతుంది? కరోనా, ఫ్లూ వంటి వైరస్‌ల చుట్టూ కొవ్వు పొర ఒకటి ఉంటుంది. గిన్నెకి పట్టిన నూనె జిడ్డుని సబ్బు ఎలా విడగొడుతుందో ఈ పొరని కూడా అలాగే విడగొడుతుంది. పొర చిట్లితే వైరస్ చచ్చినట్టే. విరేచనాలు తెచ్చే రోటా, కామెర్లు తెచ్చే హెపటైటిస్-ఎ వంటి వాటికి ఆ కొవ్వు పొర లేదు. వాటిని సబ్బు అంత తేలిగ్గా చంపలేదు కానీ, చర్మం మీద నుంచి వదలగొడుతుంది. రుద్ది నీళ్ళు పోసుకుంటే కొట్టుకుపోతాయి. అందుకే రుద్దటం ముఖ్యం, పోసుకోవటం ముఖ్యం. కనీసం 20 సెకన్లు రుద్దాలి. వేళ్ళ సందులు, గోళ్ళ కింద, బొటనవేలు చుట్టూ, అరచేతి వెనక. ఉత్తి నీళ్ళతో తడుపుకోవటం కడుక్కోవటం కాదు.

ఖరీదైన సబ్బు కావాలా? అక్కర్లేదు. పాకిస్తాన్‌లోని కరాచీలో మురికివాడల్లో చేసిన ఒక పెద్ద అధ్యయనం 2005లో అచ్చయింది. కొన్ని ఇళ్ళకి మామూలు సబ్బు, కొన్ని ఇళ్ళకి క్రిములని చంపుతుందని చెప్పే సబ్బు ఉచితంగా ఇచ్చారు. వారం వారం కార్యకర్తలు ఇళ్ళకి వెళ్ళి ఎలా కడుక్కోవాలో చెప్పారు. ఆ ఇళ్ళలో అయిదేళ్ళ లోపు పిల్లలకి నిమోనియా సగానికి తగ్గింది. విరేచనాలు కూడా సగానికి పైగా తగ్గాయి. రెండు రకాల సబ్బుల మధ్య తేడా ఏమీ కనపడలేదు. టీవీలో ప్రకటన చూసి కొనే సబ్బు కంటే, పది రూపాయల సబ్బుని ఎన్నిసార్లు వాడామన్నదే లెక్క. ఇందులో ఇంకో మాట కూడా గుర్తుపెట్టుకోండి. అక్కడ ఉత్తి ఉపన్యాసం ఇచ్చి వెళ్ళలేదు. సబ్బు చేతికిచ్చారు. ఈ మాట దగ్గరికి మళ్ళీ వస్తాను.

శానిటైజరు మంచిదే, అందులో ఆల్కహాలు కనీసం 60 శాతం ఉంటే. కానీ బురద చేతుల మీద, జిడ్డు చేతుల మీద అది సరిగా పనిచెయ్యదు. చేలో నుంచి వచ్చిన మనకి సబ్బూ నీళ్ళే సరైనవి. పురుగుమందు కొట్టినవాళ్ళకైతే రెండు విధాల మేలు. మందూ పోతుంది, క్రిమీ పోతుంది.

ఎప్పుడెప్పుడు కడుక్కోవాలి? దొడ్డికి వెళ్ళొచ్చాక. పసిబిడ్డకి దొడ్డి కడిగాక. వంట మొదలుపెట్టే ముందు. అన్నం తినే ముందు, పిల్లలకి తినిపించే ముందు. బయటినుంచి ఇంటికి రాగానే. జబ్బు మనిషికి సేవ చేశాక. సబ్బుని ఎక్కడో అలమరలో పెట్టకండి. మరుగుదొడ్డి బయట ఒకటి, వంట చేసే చోట ఒకటి కళ్ళకి ఎదురుగా ఉండాలి. సబ్బు త్వరగా అరిగిపోతోంది, కాకులు ఎత్తుకుపోతున్నాయి అనుకునేవాళ్ళు ఒక పని చెయ్యండి. లీటరున్నర నీళ్ళ సీసాలో సుమారు 30 గ్రాముల బట్టల పొడి వేసి కలపండి. మూతకి చిన్న చిల్లు పెట్టండి. చేతులు కడుక్కోవటానికి అది చాలు. బళ్ళోనూ, అంగన్‌వాడీలోనూ ఇలాంటి సీసాలు నాలుగు పెడితే పిల్లలకి అదే అలవాటు అవుతుంది. ఒక హెచ్చరిక. పురుగుమందు డబ్బాని ఎంత కడిగినా సరే, దీనికి గానీ తాగే నీళ్ళకి గానీ వాడొద్దు.

రెండోది గాలి. 2020లో కరోనా వచ్చిన కొత్తలో వీధుల్లో బ్లీచింగ్ చల్లాం, కూరగాయల్ని సబ్బుతో కడిగాం. తర్వాత తెలిసిందేమిటంటే అది ఎక్కువగా పాకేది గాలిలోనే. తలుపులు మూసిన గదిలో దగ్గే మనిషి పక్కన గంటసేపు కూర్చుంటే, చేతులు ఎన్నిసార్లు కడుక్కున్నా లాభం తక్కువ. ఫ్లూ కూడా ఇలాగే దగ్గు తుంపరల్లో, గాలిలో వస్తుంది. మన ఇళ్ళు చిన్నవి. ఒకటి రెండు గదుల్లో అందరం పడుకుంటాం. వేరే గది ఇవ్వండి అని డాక్టరు చెప్తే నవ్వొస్తుంది. గది లేకపోయినా గాలి ఉంది. సముద్రపు గాలి తగిలే ఊరు మనది. జ్వరం, దగ్గు ఉన్న మనిషి మంచాన్ని వసారాలోకి మార్చండి. వానాకాలమైతే కిటికీలు, తలుపులు ఎదురెదురుగా తెరిచిపెట్టండి. తలలు ఒకే వైపు కాకుండా, ఒకరి తల దగ్గర ఇంకొకరి కాళ్ళు వచ్చేలా పడుకోండి. ముసలివాళ్ళని, పసివాళ్ళని ఆ మంచానికి దూరంగా పడుకోబెట్టండి.

దగ్గొచ్చినప్పుడు అరచెయ్యి అడ్డం పెడతాం. అదే చేత్తో అన్నం వడ్డిస్తాం. అరచెయ్యి కాదు, మోచేతి వంపు అడ్డం పెట్టాలి, లేదా తుండుగుడ్డ. ఆ గుడ్డని సాయంత్రానికి ఉతికి మర్నాడు ఎండలో ఆరెయ్యాలి. చీరకొంగుతో పిల్లాడి ముక్కు తుడిచి, అదే కొంగుతో గిన్నె తుడిచే అలవాటు మానుకోవాలి. కోపం తెచ్చుకోకండి. మీకు తీరిక ఉండి చేసే పని కాదని నాకు తెలుసు. దానికోసం వేరే పాత గుడ్డ ఒకటి పిల్లాడి చొక్కాకి పిన్నీసుతో పెట్టండి. ఇక మగవాళ్ళకి. ఒకే బీడీ నలుగురు, ఒకే గ్లాసు నలుగురు. స్నేహం చూపించుకోవటానికి ఇంకా చాలా దారులున్నాయి. ఖైనీ, గుట్కా నమిలి ఎక్కడపడితే అక్కడ ఉమ్మటం కూడా మానాలి.

ఫ్లూ సోకిన మనిషి జ్వరం తెలియకముందు ఒక రోజు నుంచి, తెలిశాక అయిదు నుంచి ఏడు రోజుల దాకా ఇతరులకి అంటించగలడు. అందుకని ఆ నాలుగైదు రోజులూ ముఠాతో ఒకే ఆటోలో ఇరుక్కొని పనికి వెళ్ళకపోవటం మంచిది. "వెళ్ళకపోతే కూలి ఎవరిస్తారు?" అని మీరు అడుగుతారు. అడగాలి కూడా. దాని సంగతీ చెప్తాను.

మూడోది నీళ్ళు. ఇరవై లీటర్ల టిన్ను కొనుక్కొని తాగుతున్నాం కాబట్టి మనకి భయం లేదనుకుంటున్నాం. ఆ నీళ్ళు ప్లాంటులో శుభ్రంగానే ఉండొచ్చు. ఇంటికొచ్చాక బిందెలో పోసి, పిల్లలు ఆడుకొని వచ్చిన చేతుల్తో గ్లాసు ముంచుతారు. వేళ్ళు మునుగుతాయి. అక్కడితో అది శుభ్రమైన నీళ్ళు కాదు. కుళాయి ఉన్న పాత్రలో పోసుకోండి, లేకపోతే పొడుగు కాడ ఉన్న గరిటతో తీసుకోండి. మూత పెట్టండి. వానలు పడి, పైపులు పగిలి, బోరింగు చుట్టూ మురుగు నిలిచిన రోజుల్లో నీళ్ళు తెర్లా మరిగించి చల్లార్చుకొని తాగండి. నీళ్ళు ఒక నిమిషం బాగా మరిగితే వైరస్‌లు బతకవు.

పచ్చకామెర్ల గురించి ఒక మాట. హెపటైటిస్-ఎ, హెపటైటిస్-ఇ రెండూ మలం కలిసిన నీళ్ళ వల్ల వస్తాయి. చాలామందికి కొన్ని వారాల్లో వాటంతట అవే తగ్గిపోతాయి. పసరు పోయించుకున్నవాళ్ళకి పసరు వల్లే తగ్గిందనిపించేది ఇందుకే. కానీ గర్భిణికి హెపటైటిస్-ఇ వస్తే ప్రాణం మీదకి రావచ్చు. నిండు మనిషి కళ్ళు పచ్చబడితే పసరు కోసం తిరగొద్దు. ఆ రోజే ఆసుపత్రికి తీసుకెళ్ళండి. హెపటైటిస్-బి వేరే రకం. అది రక్తం ద్వారా వస్తుంది. ఒకరి బ్లేడు, ఒకరి పళ్ళబ్రష్షు ఇంకొకరు వాడొద్దు. సూది వేయించుకునేటప్పుడు కొత్త సిరంజి కళ్ళముందే విప్పమనండి. మంగలి షాపులో కొత్త బ్లేడు అడగండి. అడగటం తప్పు కాదు.

పసిపిల్లలకి నీళ్ళ విరేచనాలు పట్టుకుంటే చంపేది వైరస్ కంటే ఒంట్లో నీళ్ళు ఇంకిపోవటమే. ఆశా కార్యకర్త దగ్గర ఓఆర్‌ఎస్ పొట్లాలు, జింకు బిళ్ళలు ఉంటాయి. పొట్లం అందకపోతే లీటరు కాచి చల్లార్చిన నీళ్ళలో ఆరు చిన్న చెంచాల పంచదార, అర చెంచా ఉప్పు, రెండూ తలగొట్టి కలిపి కొంచెం కొంచెం పట్టండి. తల్లిపాలు ఆపొద్దు. జింకు 14 రోజులు వెయ్యాలి. విరేచనం కట్టగానే మానెయ్యొద్దు.

నాలుగోది వంటిల్లు. 2025 ఫిబ్రవరిలో గోదావరి జిల్లాల్లో తణుకు దగ్గర వేల్పూరు, పెరవలి మండలం కానూరు ప్రాంతాల కోళ్ళ ఫారాల్లో బర్డ్ ఫ్లూ బయటపడిన సంగతి మీ అందరికీ గుర్తుంది. కోళ్ళ రైతులు ఎంత నష్టపోయారో మన సంఘానికి తెలుసు. మన పక్కనే పల్నాడు జిల్లా నరసరావుపేటలో రెండేళ్ళ పాపకి ఇదే హెచ్5ఎన్1 వైరస్ సోకింది. మార్చి 16న మంగళగిరి ఎయిమ్స్‌లో ఆ బిడ్డ చనిపోయింది. పుణె వైరాలజీ సంస్థలో పరీక్ష చేసి అది బర్డ్ ఫ్లూయేనని నిర్ధారించారు. కోడి మాంసం కోస్తుండగా అడిగితే చిన్న పచ్చి ముక్క పాపకి ఇచ్చామని కుటుంబం చెప్పింది. అదే మాంసం ఉడికించి తిన్న మిగతా ఇంట్లోవాళ్ళకి ఏమీ కాలేదని పత్రికల్లో వచ్చింది.

ఆ తల్లిని తప్పుపట్టటానికి ఇది చెప్పటం లేదు. పచ్చి మాంసంలో ఇలాంటి ప్రమాదం ఉందని ఆ ఇంటికి ముందే ఎవరైనా వెళ్ళి చెప్పారా? చెప్పాల్సిన బాధ్యత ఎవరిది? ఆ ప్రశ్న మనది. మనం చెయ్యగలిగింది ఇది. కోడి మాంసం, గుడ్డు బాగా ఉడికితే ఆ వైరస్ బతకదు, కాబట్టి ఉడికిన కూర తినటానికి భయపడక్కర్లేదు. ముక్క లోపల ఎర్రదనం పోయేదాకా ఉడకనివ్వండి. పచ్చి మాంసం కడిగేటప్పుడు తాగే నీళ్ళ బిందె పక్కన కాకుండా వేరే పళ్ళెంలో, చిందకుండా కడగండి. ఆ కత్తిపీటని, పళ్ళేన్ని, చేతుల్ని సబ్బుతో కడిగాకే ఉల్లిపాయలు, కొత్తిమీర ముట్టుకోండి. కోసేచోట పసిపిల్లల్ని కూర్చోబెట్టుకోవద్దు. పెరటి కోళ్ళు హఠాత్తుగా రెండు మూడు చచ్చిపోతే కూర చేసుకోవద్దు, కాలవలో పారెయ్యొద్దు. ఉత్త చేతుల్తో ముట్టుకోకుండా పశువైద్యశాలకి కబురు చెయ్యండి.

అయిదోది దోమ. డెంగీ దోమ మురుగులో పుట్టదు. శుభ్రమైన నిలవనీటిలో పుడుతుంది. నీళ్ళ తొట్టి, కూలరు, పాత టైరు, కొబ్బరి చిప్ప, పశువుల కుడితి గోలెం, ఇవీ దాని పుట్టిళ్ళు. గుడ్డు నుంచి దోమ కావటానికి వారం పదిరోజులు పడుతుంది. వారానికి ఒకరోజు అన్నిటినీ బోర్లించి, అంచులు రుద్ది ఆరబెడితే దాని సంతానం అక్కడే ఆగిపోతుంది. ఒక్క ఇల్లు చేస్తే చాలదు. పక్కింటి టైరులో పుట్టిన దోమకి మన గోడ అడ్డం కాదు. డెంగీ దోమ పగలు కుడుతుంది కాబట్టి పగలు నిద్రపోయే పసిపిల్లలకి కూడా దోమతెర వెయ్యండి. డెంగీలో జ్వరం తగ్గగానే గండం గడిచిందనుకుంటాం. అసలు జాగ్రత్తగా ఉండాల్సింది ఆ రెండు రోజులే. కడుపునొప్పి, ఆగని వాంతులు, చిగుళ్ళ నుంచి రక్తం, మనిషి మత్తుగా ఉండటం, వీటిలో ఏది కనపడినా 108కి ఫోన్ చెయ్యండి. నొప్పి బిళ్ళలు సొంతంగా మింగొద్దు. జ్వరానికి పారాసెటమాల్ ఒక్కటే, అదీ చెప్పిన మోతాదులో.

టీకాలు మరవొద్దు. రోటా విరేచనాలకి హైదరాబాదులోనే తయారైన టీకా 2016 నుంచి మన రాష్ట్రంలో ఉచితంగా ఇస్తున్నారు. ఆరు, పది, పద్నాలుగు వారాలకి చుక్కలు వేస్తారు. హెపటైటిస్-బి టీకా పుట్టిన 24 గంటల్లో వెయ్యాలి. ఒకప్పుడు విదేశాల నుంచి వచ్చే ఆ టీకా పేదవాడికి అందేది కాదు. 1997లో హైదరాబాదులో శాంతా బయోటెక్నిక్స్ దాన్ని తయారుచేశాక ధర దిగొచ్చింది. పనిరోజు పోతుందని టీకా రోజు తప్పించొద్దు.

ఇంతవరకూ చెప్పింది ఇంట్లో చేసుకునే పని. ఇప్పుడు ఈ ఊళ్ళో నిలబడి చెప్పకపోతే తప్పయ్యే మాట ఒకటి చెప్తాను.

కరోనా రోజుల్లో "దూరం పాటించండి" అన్న మాట పొద్దస్తమానం విన్నాం. ఆ మాట అందరి చెవికీ ఒకేలా వినపడదు. ఈ ఊరి చరిత్ర నాకంటే మీకే బాగా తెలుసు. కుర్రవాళ్ళ కోసం రెండు ముక్కలు చెప్తాను. 1871లో తెల్లవాళ్ళు నేరస్థ తెగల చట్టం చేశారు. 1911లో దాన్ని మద్రాసు రాష్ట్రానికి కూడా తెచ్చారు. ఎరుకల కుటుంబాలని పుట్టుకతోనే దొంగలని రాసుకున్నారు. 1913-14 ప్రాంతంలో ఇక్కడ సెటిల్‌మెంటు పెట్టి, మద్రాసు ప్రభుత్వంలో పెద్ద అధికారి హెరాల్డ్ స్టూవర్ట్ పేరు పెట్టారు. హాజరు వేయించుకోవాలి. చీటీ లేకుండా పొలిమేర దాటకూడదు. ఇక్కడివాళ్ళని చీరాల పొగాకు కంపెనీలో పనికి పెట్టారు. చట్టం రద్దయింది 1952లో. ముద్ర మాత్రం ఆ రోజుతో పోలేదు. బయటి లోకం ఈ ఊరి పేరు చెప్తేనే భయపడే 1970లలో హేమలతా లవణం, లవణం దంపతులు వచ్చి మీ ఇళ్ళలో కూర్చున్నారు. అలా దగ్గరికొచ్చి కూర్చోవటం వల్లే ఆ పని సాగింది.

మనుషుల్ని దూరం పెట్టటం ఎలా ఉంటుందో ఈ ఊరికి తెలిసినంతగా ఇంకే ఊరికీ తెలియదు. 2020లో ఎన్నో ఊళ్ళు పొలిమేరలో ముళ్ళకంప అడ్డం వేశాయి. జబ్బు వచ్చిన ఇంటిని వెలివేసినట్టు చూశారు. శవాన్ని మొయ్యటానికి నలుగురు రాని ఊళ్ళున్నాయి. దానివల్ల ఏమయింది? జ్వరం వచ్చినవాడు దాచుకున్నాడు. పరీక్షకి పోలేదు. ఇంట్లో అందరికీ అంటించాడు. ఆయాసం ముదిరాక బయటపడ్డాడు. వెలి వేస్తే వైరస్ ఆగదు. దాక్కుంటుంది, అంతే.

శుభ్రత అన్న మాటతో కూడా మనల్ని చాలాకాలం కొట్టారు. "వాళ్ళు శుభ్రంగా ఉండరు" అని కులం పేరుతో, తెగ పేరుతో, పేట పేరుతో అన్నారు. వైరస్‌కి కులం తెలియదు. మేడలో ఉన్నవాడి చేతి మీదా, గుడిసెలో ఉన్నవాడి చేతి మీదా ఒకేలా ఉంటుంది. తేడా నీళ్ళ దగ్గర వస్తుంది. కాబట్టి జబ్బు పడ్డ ఇంటికి మనం చెయ్యాల్సింది ఇదీ. మంచం దూరంగా వెయ్యండి, మాట దగ్గరగా ఉండనివ్వండి. గంజి కాచి గుమ్మంలో పెట్టి పలకరించండి. వాళ్ళ గేదెకి గడ్డి వెయ్యండి. వాళ్ళ చేనికి నీళ్ళు పెట్టండి. మూతికి గుడ్డ కట్టుకొని, చేతులు కడుక్కొని ఇవన్నీ చెయ్యొచ్చు. రోజూ ఒకరు వెళ్ళి ఆయాసం ఉందా, నీళ్ళు తాగుతున్నారా, ఒంటికి పోతున్నారా అని చూస్తే చాలా ప్రాణాలు నిలుస్తాయి.

ఇక నేను వాయిదా వేసిన రెండు సంగతులు.

ఒకటి, నీళ్ళు. లెక్క వేద్దాం. అయిదుగురున్న ఇల్లు. ఒక్కొక్కరు రోజుకి ఆరుసార్లు చేతులు కడుక్కుంటారు. ఒక్కోసారికి అర లీటరు. మొత్తం 15 లీటర్లు, అంటే సుమారు ఒక బిందె. చేతులు కడుక్కోండని చెప్పటం అంటే, రోజూ ఇంకో బిందె నీళ్ళు తెమ్మని చెప్పటమే. ఆ బిందె ఎవరి నడుము మీద వస్తోంది? ఇంట్లో ఆడమనిషి నడుము మీద. కుళాయి ఇంటి ముందుకి రాని చోట శుభ్రత అంటే ఆమెకి ఇంకో చాకిరి. అందుకని మగవాళ్ళకి నా మొదటి మాట, ఆ బిందె మీరు మొయ్యండి. రెండో మాట, ఆ బిందె అవసరం లేకుండా చెయ్యటానికి పోరాడండి. 2019లో మొదలైన జల్ జీవన్ మిషన్ ప్రతి పల్లె ఇంటికీ కుళాయి, మనిషికి రోజుకి 55 లీటర్ల నీళ్ళు అని చెప్పింది. మన పేటలో ఎన్ని ఇళ్ళకి కుళాయి ఉంది, అందులో నీళ్ళు ఎన్ని గంటలు వస్తున్నాయి, ఇంటింటికీ తిరిగి రాయండి. ఆ కాగితం పట్టుకొని గ్రామ సచివాలయానికి వెళ్దాం. చేతులు కడుక్కోమని గోడ మీద రాయించే ప్రభుత్వం, ఆ గోడ కింద కుళాయి కూడా పెట్టాలి.

రెండోది, కూలి. జ్వరంతో పనికి రావద్దు అని చెప్పే హక్కు, ఆ రోజు తిండికి దారి చూపించినవాడికే ఉంటుంది. పట్నంలో ఉద్యోగికి జబ్బు సెలవుంది. వ్యవసాయ కూలీకి లేదు. ముఠాలో పదిమంది ఉంటే, ఒకరికి జ్వరం వచ్చినప్పుడు మిగతా తొమ్మిదిమంది తలా కొంచెం తీసి ఆ ఇంటికి ఇచ్చే పద్ధతి పెట్టుకోవచ్చు. అది దానం కాదు. వాడు వచ్చి పదిమందికీ అంటిస్తే పోయే కూలి కంటే అది తక్కువ. కానీ ఇది మన జేబుల్లోంచి ఎన్నాళ్ళు? వ్యవసాయ కూలీకి జబ్బు రోజుల భృతి కావాలన్న కోరికని మన సంఘం కోరికల పత్రంలో చేర్చాలి. 2005 నాటి ఉపాధి హామీ చట్టం పనిచోట తాగునీరు, నీడ, ప్రథమ చికిత్స పెట్టె ఉండాలని రాసింది. కాగితం మీద ఉన్నదాన్ని చేలోకి రప్పించటం సంఘం పని. నాట్ల దగ్గరికి ముఠాని పిలిచే రైతులకి కూడా చెప్తున్నాను. గట్టు మీద నీళ్ళ టిన్నుతో పాటు ఒక సబ్బు బిళ్ళ పెట్టండి. అన్నాల వేళ అందరూ చేతులు కడుక్కొని తింటే, రేపు మీ చేనికి మనుషులు తక్కువ కారు.

వచ్చే సమావేశం లోపల మూడు పనులు చేద్దాం. ప్రతి ఇంట్లో మరుగుదొడ్డి బయట, వంట దగ్గర సబ్బు ఉండాలి. వారానికి ఒకరోజు పేట మొత్తం ఒకేసారి తొట్లు, టైర్లు బోర్లించాలి. కుళాయిల లెక్క రాసి తేవాలి. మొదటి రెండూ మన చేతుల్లో ఉన్నవి. మూడోది మన చేతులు కలిస్తే అయ్యేది.

 ఇక మీ ప్రశ్నలు అడగండి.